ఓటు వేసే ఆర్కెస్ట్రా

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినడం మొదలుపెట్టిన మనవాళ్ళు చాలామంది రికార్డుల్ని కండక్టరు, అంటే ఎదుట నిలబడి కర్రతో వాద్యబృందాన్ని నడిపించే మనిషి, పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. కరాయన్ బీథోవెన్, ఫుర్ట్‌వెంగ్లర్ బ్రామ్స్, అబ్బాడో మాలర్ అంటారు. ఊది, మీటి, కమాను లాగి ఆ సంగీతాన్ని నిజంగా వినిపించిన వందమంది ఎవరో తెలియదు. మనకిది కొత్త కాదు. మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటలకు వయొలిన్లు వాయించినవాళ్ళ పేర్లు మాత్రం ఎన్ని రికార్డు అట్టల మీద కనిపించాయి?

అయితే బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అనే జర్మన్ ఆర్కెస్ట్రా దగ్గరికొచ్చేసరికి ఈ అలవాటు వల్ల చరిత్రే తలకిందులుగా అర్థమవుతుంది. అక్కడ వాద్యకారుల్ని కండక్టరు ఎంచుకోడు, కండక్టరునే వాద్యకారులు ఎంచుకుంటారు. తమ పక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలో కూడా వాళ్ళే ఓటేసి తేల్చుకుంటారు. ఆ ఆర్కెస్ట్రాకున్న ప్రత్యేకమైన నాదం ఏ మహా కండక్టరూ ప్రసాదించింది కాదనీ, ఆ ఓటు హక్కు వల్ల తరం నుంచి తరానికి నిలిచిందనీ నా వాదన. ఆ ఆర్కెస్ట్రా చేసిన అన్యాయాలకు కూడా మూలం అక్కడే ఉంది. రెండూ చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

మొదలే ఒక తిరుగుబాటు. 1882లో బెర్లిన్‌లో బెంజమిన్ బిల్జె అనే బ్యాండు యజమాని దగ్గర పనిచేసే 54 మంది వాద్యకారులు ఒక్కసారిగా బయటికొచ్చేశారు. వార్సా కచేరీకి నాలుగో తరగతి రైలుపెట్టెలో తీసుకెళ్తానన్నాడని గొడవ. జీతాల అసంతృప్తి అప్పటికే రాజుకుని ఉంది. బయటికొచ్చినవాళ్ళు మరో యజమానిని వెతుక్కోలేదు. తామే భాగస్తులుగా సంస్థ పెట్టుకున్నారు. లాభమొస్తే పంచుకోవడం, నష్టమొస్తే పస్తుండడం. నష్టమే ఎక్కువసార్లు వచ్చింది. వేసవిలో బెర్లిన్ కచేరీలు ఆగిపోతే నెదర్లాండ్స్ సముద్రతీరంలోని స్కెవెనింగెన్ విహారస్థలానికి వెళ్ళి సెలవులకొచ్చినవాళ్ళకు వాయించేవారు. బెర్లిన్‌లో వాళ్ళ హాలు కూడా బెర్న్‌బుర్గర్ వీధిలో స్కేటింగ్ కోసం కట్టిన కట్టడం. దాన్నే మార్చి కచేరీ హాలు చేశారు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. తొలిరోజుల్లో కండక్టరును తెచ్చింది ఓటు కాదు, హెర్మాన్ వోల్ఫ్ అనే కచేరీల ఏజెంటు. 1887లో హాన్స్ ఫాన్ బ్యూలోను పట్టుకొచ్చింది ఆయనే. బ్యూలో ఐదేళ్ళలో ఆర్కెస్ట్రాకు క్రమశిక్షణ నేర్పాడు. 1895లో వచ్చిన ఆర్తూర్ నికిష్ చనిపోయేదాకా, అంటే 1922 దాకా, ఉన్నాడు. 1913లో వీళ్ళతో ఆయన చేసిన బీథోవెన్ ఐదో సింఫనీ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది. నికిష్ తర్వాత ఫుర్ట్‌వెంగ్లర్. ఈ పేర్ల వరుసే మామూలుగా చరిత్రగా చలామణీ అవుతుంది కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలి, ఓటు ఎలా నడుస్తుందో చూద్దాం.

ఒక స్థానం ఖాళీ అవుతుంది. వయొలిన్ విభాగంలో అనుకుందాం. ప్రకటన వేస్తారు, దరఖాస్తులు వడగట్టి కొందరిని పిలుస్తారు. జర్మన్ ఆర్కెస్ట్రాల ఆడిషన్‌లో మొదటి అంకం దాదాపు ప్రతి వాద్యానికీ నిర్ణయమై ఉంటుంది. వయొలిన్‌కైతే మోజార్ట్ కాన్చెర్టో (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచన) మొదటి భాగం, కాడెన్జాతో (ఒంటరిగా వాయించే ఘట్టంతో) సహా. అది మూడోదో నాలుగోదో ఐదోదో అయ్యుండాలి. వియోలాకు స్టామిట్స్ లేదా హాఫ్‌మైస్టర్ డి మేజర్, చెల్లోకు హైడెన్ డి మేజర్, డబుల్ బాస్‌కు డిటర్స్‌డార్ఫ్ లేదా వాన్‌హాల్, ట్రంపెట్‌కు హైడెన్, ట్రాంబోన్‌కు ఫెర్డినాండ్ డేవిడ్. పియానో సహకారం ఉంటుంది. ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే, మధ్యలోనే చాలని ఆపేయవచ్చు.

వీటిలో చాలామటుకు పద్దెనిమిదో శతాబ్దపు రచనలే ఎందుకని అడిగేవాళ్ళున్నారు. చైకోవ్‌స్కీ కాన్చెర్టో వాయించగలిగినవాడికి మోజార్ట్ ఏపాటి అనిపించడం సహజం. కానీ మోజార్ట్‌లో దాక్కోవడానికి చోటుండదు. చైకోవ్‌స్కీలో నాలుగు తీగల మీద పడే ఆవేశపు కమానులో కాస్త శ్రుతి తప్పినా కొట్టుకుపోతుంది. మోజార్ట్‌లో ఒక సాదా ఆరోహణలో మూడో స్వరం రవ్వంత పైకి పోయినా హాలు మొత్తానికి వినిపిస్తుంది. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, చిన్న స్వరాన్ని ఎంత తేలిగ్గా వదలాలో, వైబ్రాటోను (స్వరాన్ని సన్నగా వణికించడాన్ని) ఎప్పుడు తగ్గించాలో అన్నీ బయటపడతాయి. కాన్చెర్టోలో నెగ్గినవాళ్ళకు తర్వాత ఆర్కెస్ట్రా భాగాలిస్తారు. వయొలిన్‌కు రిచర్డ్ స్ట్రౌస్ ‘డాన్ హువాన్’ మొదటి పేజీ, షూమాన్ రెండో సింఫనీ స్కెర్ట్సో (వేగంగా సాగే భాగం) దాదాపు తప్పవు. డబుల్ బాస్‌కు బీథోవెన్ తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో మాటల్లా పలికే రెసిటటివ్, ఐదో సింఫనీ మూడో భాగంలోని పరుగు. ఫ్లూట్‌కు దెబుస్సీ రచన ‘ప్రెల్యూడ్ టు ది ఆఫ్టర్‌నూన్ ఆఫ్ ఎ ఫాన్’ ఆరంభం. ట్రాంబోన్‌కు మోజార్ట్ రెక్వియంలో ‘టూబా మీరుం’.

అభ్యర్థులు ఎక్కువగా ఓడేది ఈ భాగాల్లోనే. ‘డాన్ హువాన్’ మొదటి పేజీ చేతులకు కష్టమే, అయినా ఏళ్ళు సాధన చేసినవాళ్ళకు వేళ్ళు సరిపోతాయి. చెడేది లయ. పైకెగసే స్వరగుచ్ఛాన్ని ఒంటరిగా వాయిస్తున్నప్పుడు ఉత్సాహంలో తొందరపడతారు, ఆ తర్వాత పొడుగు స్వరాన్ని పూర్తి నిడివి నిలపరు. ఆర్కెస్ట్రాలో ఆ పొడుగు స్వరం కింద ఇత్తడి వాద్యాలు కదులుతుంటాయి. వాటిని మనసులో వింటూ వాయించేవాళ్ళెవరో, పేజీ మాత్రమే బట్టీపట్టినవాళ్ళెవరో రెండు పంక్తుల్లో తెలిసిపోతుంది. షూమాన్ స్కెర్ట్సోలో చిక్కు మరొకటి. ఎగిరే కమాను వేగం చేయి చెప్పినట్టు వినదు, ప్రతి కమానుకూ తనదైన సహజ వేగం ఒకటుంటుంది. అడిగిన వేగం దానికి కాస్త అటూ ఇటూ ఉంటే కమాను పట్టే చోటు మార్చుకోవాలి. అలా సర్దుకోవడం తెలియకపోతే ఎనిమిదో వరుసకల్లా చేయి బిగుసుకుపోతుంది.

ఆర్కెస్ట్రా అంతా విని ఓటేస్తుంది. వయొలినిస్టును ఎంచుకునేటప్పుడు టింపనీ వాయించేవాడికీ ఓటుంటుంది, హార్న్ ఊదేవాళ్ళకూ ఉంటుంది. కావలసినంత ఆధిక్యం ఎవరికీ రాకపోతే ఎవరినీ తీసుకోరు, కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఇది అరుదేమీ కాదు. పేరున్న స్థానాలు ఇలా చాలాకాలం భర్తీకాకుండా ఉండిపోతాయి, ఆ లోపు అతిథులతో నెట్టుకొస్తారు. బయటివాళ్ళు దీన్ని పొగరంటారు. పాతికేళ్ళో ముప్ఫైయేళ్ళో కలిసి వాయించాల్సిన మనిషిని పదిహేను నిమిషాల్లో సర్దుబాటు చేసుకుని తీసుకోకపోవడం పొగరు కాదని నేననుకుంటాను.

ఎంపికైనవాళ్ళకు వెంటనే సభ్యత్వం రాదు, రెండేళ్ళ దాకా ప్రొబేషన్ ఉంటుంది. నా దృష్టిలో అసలు ఆడిషన్ ఇదే. ఆడిషన్ రోజు ఒంటరిగా ఎంత బాగా వాయిస్తారో తెలుస్తుంది. పదిహేనుమంది మధ్య పదహారోవాడుగా ఎలా వాయిస్తారో తెలియాలంటే నెలలు పడుతుంది. పెద్ద సింఫనీకి తీగవాద్యాల మామూలు లెక్క ఇది: మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వియోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాస్‌లు 8. మొత్తం 60. స్వరలిపి పెట్టుకోవడానికి ఇద్దరికొక స్టాండు. శ్రోతల వైపు కూర్చున్నవాళ్ళు వాయిస్తూనే ఉంటారు, లోపలివైపు వాళ్ళు పేజీ తిప్పుతారు. స్వరాలు రెండుగా చీలినచోట బయటివాళ్ళు పైస్వరం, లోపలివాళ్ళు కిందిస్వరం తీసుకుంటారు. సోలోగా తయారైన యువతకు మొదట వచ్చే ఇబ్బంది తమ ధ్వనిని ముందుకు తోసే అలవాటు. కమానును తీగలు ఆనే వంతెనకు (బ్రిడ్జికి) దగ్గరగా నొక్కి, వైబ్రాటో వెడల్పుగా పెట్టి వాయిస్తే రెండువేలమందికి వినిపించవచ్చు, కానీ ఆ ఒక్కరి స్వరం మిగతా పదిహేనుమందిలో కలవకుండా చీలికలా బయటికి పొడుచుకొస్తుంది. కమానులో ఏ భాగంతో వాయిస్తున్నారన్నది కూడా పక్కవాళ్ళతో కలవాలి. విభాగమంతా కమాను కొసన మెత్తగా వాయిస్తుంటే ఒకరు మధ్యభాగంతో వాయిస్తే, స్వరం ఒకటే అయినా రంగు మారిపోతుంది.

సమయం సంగతి ఇంకా సూక్ష్మం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదిక ఈ చివరికీ ఆ చివరికీ 20 మీటర్లనుకుంటే ఒక చివరి శబ్దం రెండో చివరికి చేరడానికి దాదాపు 58 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో బీటుకు నాలుగు స్వరాలు వస్తుంటే ఒక్కో స్వరం నిడివి 125 మిల్లీసెకన్లు. అంటే విని వాయిస్తే దాదాపు సగం స్వరం ఆలస్యం. అందుకే వెనక స్టాండ్లవాళ్ళు చెవిని నమ్ముకుని మొదలుపెట్టకూడదు, ముందువాళ్ళ కమానులు చూసి మొదలుపెట్టాలి. దూరంగా కూర్చునే ఇత్తడి వాద్యాలవాళ్ళు తమకు సరిగ్గా అనిపించే క్షణం కన్నా రవ్వంత ముందే ఊదాలి, అప్పుడే హాల్లో కలిసి వినబడుతుంది.

బెర్లిన్‌లో దీనికి తోడు ఇంకో అలవాటుంది. కండక్టరు కర్ర కిందికి దిగిన క్షణంలో శబ్దం రాదు, కొంచెం తర్వాత వస్తుంది. ఫుర్ట్‌వెంగ్లర్ తాళం స్పష్టంగా వేసేవాడు కాదని ప్రసిద్ధి. ఆ వణికే కర్రను బట్టి మొదలుపెట్టడం సాధ్యం కాదు కాబట్టి వాద్యకారులు ఒకరి ఊపిరి ఒకరు గమనిస్తూ, కాన్సర్ట్ మాస్టర్ (మొదటి వయొలిన్ల నాయకుడు) కమాను కదలిక చూస్తూ కలిసి స్వరంలోకి దిగడం నేర్చుకున్నారు. ఆయన పోయాక ఎందరు కండక్టర్లు మారినా ఆ అలవాటు పోలేదు. కొత్తగా వచ్చే అతిథి కండక్టర్లను ఇది తికమక పెడుతుంది. శబ్దం కోసం ఆగితే వేగం సడలిపోతుంది, కర్రను నమ్మి తన దారిన తాను పోతేనే నిలబడుతుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు నా వాదనకు: ఫుర్ట్‌వెంగ్లర్ చనిపోయింది 1954లో. ఆయన ఎదుట వాయించినవాళ్ళు ఎప్పుడో రిటైరయ్యారు. అయినా ఆ నాదం ఉందంటే దాన్ని మోసుకొచ్చింది కుర్చీల్లో ఉన్నవాళ్ళే. పాతవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, రెండేళ్ళు గమనించి, సరేనని ఓటేసి తీసుకున్నవాళ్ళు. శాశ్వత సభ్యత్వానికి ఓట్లలో మూడింట రెండొంతులు రావాలి.

ఊదే వాద్యాలవాళ్ళకు ప్రొబేషన్‌లో పరీక్ష వేరే రకం. బ్రామ్స్ మొదటి సింఫనీ తీసుకోండి. ట్రాంబోన్లకు మొదటి మూడు భాగాల్లో ఒక్క స్వరం లేదు. అరగంటకు పైగా ఊరికే కూర్చోవాలి. నాలుగో భాగంలో వాళ్ళ మొదటి ప్రవేశమే ఒక మెత్తని కోరాల్ (చర్చి కీర్తనలాంటి రాగం), మొదటి ట్రాంబోన్‌కు పైస్థాయి ‘ఎ’తో. ఆపాటికి పెదవులు చల్లబడి ఉంటాయి, వాద్యమూ చల్లబడి ఉంటుంది. వాద్యంలోని గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి సుమారు 3 సెంట్లు పడిపోతుంది. సెంటంటే అర్ధస్వరంలో నూరోవంతు. ఐదారు డిగ్రీలు తగ్గాయంటే తేడా చెవికి దొరికిపోతుంది. అందుకని ప్రవేశానికి ముందు చప్పుడు కాకుండా వాద్యంలోకి వెచ్చని ఊపిరి వదులుతూ ఉంటారు. పైగా బెర్లిన్ శ్రుతి మామూలు 440 హెర్ట్జ్ కన్నా ఎక్కువ, 443 దరిదాపుల్లో ఉంటుంది. వేరే ఊరి నుంచి వచ్చిన ఊదేవాళ్ళు దీనికి తగ్గట్టు వాద్యాన్నే సర్దుకోవాల్సి రావచ్చు.

ఇలా నిలబడ్డవాళ్ళ పేర్లు కొన్నైనా చెప్పాలి. కరాయన్ కాలపు రికార్డుల్లో వినిపించే ఓబో లోథార్ కోఖ్‌ది, క్లారినెట్ కార్ల్ లైస్టర్‌ది, హార్న్ గెర్డ్ జైఫర్ట్‌ది. 1969 నుంచి 1975 దాకా మొదటి ఫ్లూట్ జేమ్స్ గాల్వే. కాన్సర్ట్ మాస్టర్ మిషెల్ ష్వాల్బే పోలండ్‌లో పుట్టిన యూదుడు, కుటుంబ సభ్యుల్ని నాజీల చేతిలో పోగొట్టుకున్నవాడు. ఆయన 1957లో బెర్లిన్ వచ్చి, ఒకప్పుడు నాజీ పార్టీ సభ్యుడైన కరాయన్ పక్కన మొదటి కుర్చీలో కూర్చున్నాడు. 1985 దాకా ఉన్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎంత గుండెబలం కావాలో చెప్పడానికి నాకు మాటలు చాలవు. కరాయన్ తర్వాతి తరంలో ఫ్లూట్ ఇమాన్యుయెల్ పాహూద్, ఓబో ఆల్బ్రెక్ట్ మాయర్, హార్న్ స్టెఫాన్ దోర్. ఓ రికార్డు వింటున్నప్పుడు సోలో ఎవరిదో వెతికి తెలుసుకోండి. అదే సింఫనీ వేరే సంవత్సరం వేరే ఓబోతో వింటే తేడా కండక్టరు మారినంతగా ఉంటుంది.

ఇక ఓటు చేయలేని పనుల గురించి.

1930ల మొదట్లో ఆర్థిక మాంద్యంలో ఆర్కెస్ట్రా దివాలా అంచుకొచ్చింది. 1934లో జర్మన్ ప్రభుత్వం వాద్యకారుల వాటాలన్నీ కొనేసింది. 54 మంది తిరుగుబాటుతో పుట్టిన సంస్థ నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ శాఖ కిందికి పోయింది. జీతాలు పెరిగాయి, యుద్ధమొచ్చాక సైన్యంలో చేరకుండా మినహాయింపు కూడా దొరికింది. ఆర్కెస్ట్రాలో నలుగురు యూదు వాద్యకారులుండేవారు: కాన్సర్ట్ మాస్టర్ శిమోన్ గోల్డ్‌బెర్గ్, చెల్లిస్టులు నికోలాయ్ గ్రౌదాన్, యోసెఫ్ షుస్టర్, వయొలినిస్టు గిల్బర్ట్ బాక్. 1935 కల్లా నలుగురూ వెళ్ళిపోయారు. కొందరిని కాపాడాలని ఫుర్ట్‌వెంగ్లర్ ప్రయత్నించాడు. సహచరులు సంస్థగా ఎదురునిలవలేదు. వియన్నా ఫిల్హార్మోనిక్ ఇంకా ఘోరం. 1842లో పుట్టి, అదీ వాద్యకారులే నడుపుకునే ఆర్కెస్ట్రా. 1942 నాటికి అందులో 123 మందిలో 60 మంది నాజీ పార్టీ సభ్యులు. తమను తాము పాలించుకునే సంస్థ కాబట్టి న్యాయంగానే ఉంటుందన్న భరోసా ఎక్కడా లేదు. ఓటుకు వెనక సొంత డబ్బు, సొంత నీతి రెండూ ఉండాలి. 1934లో మొదటిది లేదు, రెండోది సరిపోలేదు.

పాత హాలు 1944 జనవరి 30న బాంబులకు కూలిపోయింది. యుద్ధం ముగిసిన మే నెలలోనే, 26న, టిటానియా పలాస్ట్ అనే సినిమా హాల్లో లియో బొర్చార్డ్ నాయకత్వంలో మళ్ళీ వాయించారు. మొదటి రచన మెండెల్‌సోన్‌ది, అంతవరకూ నాజీలు నిషేధించిన యూదు స్వరకర్తది. మూడు నెలలు తిరక్కుండానే ఆగస్టు 23న తనిఖీ కేంద్రం దగ్గర ఒక అమెరికన్ సైనికుడి తూటాకు బొర్చార్డ్ బలైపోయాడు. ఆ స్థానంలోకి దాదాపు అనామకుడైన యువకుడు చెలిబిదాకె వచ్చి, ఫుర్ట్‌వెంగ్లర్ తిరిగొచ్చే దాకా ఆర్కెస్ట్రాను నిలబెట్టాడు. 1954లో ఫుర్ట్‌వెంగ్లర్ పోయినప్పుడు యుద్ధం తర్వాతి ఏళ్ళలో అందరికన్నా ఎక్కువ కచేరీలు చేసిన చెలిబిదాకెను కాదని వాద్యకారులు కరాయన్ వైపు మొగ్గారు. చెలిబిదాకె ఆర్కెస్ట్రాలో కొందరిని మార్చాలని పట్టుబట్టడం, రిహార్సళ్ళలో కటువుగా మాట్లాడడం అందుకు కారణాలు. ఆయన మళ్ళీ ఈ ఆర్కెస్ట్రా ముందు నిలబడింది 1992లోనే, బ్రూక్నర్ ఏడో సింఫనీకి. ఆ కచేరీ చిత్రీకరణ చూస్తే 1954 ఓటులో సంగీతపరంగా ఎంత పోయిందో అని మనసు కలుక్కుమంటుంది. ఓటు ఎప్పుడూ సరైనదే ఎంచుతుందని నేను చెప్పడం లేదు.

ఓటుకూ కండక్టరు అధికారానికీ నేరుగా జరిగిన పోరు సబీనా మాయర్ వ్యవహారం. దీన్ని చాలామంది ఒక్క ముక్కలో, మగవాళ్ళ ఆర్కెస్ట్రా ఒక స్త్రీని వెళ్ళగొట్టిన కథగా చెబుతారు. వివరాలు అంతకన్నా చిక్కుగా ఉన్నాయి. ఆమె ఇరవై మూడేళ్ళ క్లారినెట్ వాద్యకారిణి. కరాయన్‌కు ఆమె వాయింపు నచ్చింది. 1982 నవంబరులో ఆమెను ప్రొబేషన్‌కు తీసుకోవద్దని ఆర్కెస్ట్రా ఓటేసింది, ఆమె నాదం తమ చెక్కగొట్టపు వాద్యాల విభాగంలో కలవదన్నారు. డిసెంబరులో కరాయన్ లేఖ రాశాడు: ఒప్పందంలో ఉన్న కచేరీలు తప్ప పర్యటనలూ టీవీ రికార్డింగులూ ఆపేస్తానని. ఈ బెదిరింపు ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే అప్పటి ఏర్పాటు తెలియాలి. ఒకే వాద్యకారులు రెండు పేర్లతో ఉండేవారు. నగరం జీతమిచ్చే ‘బెర్లీనర్ ఫిల్హార్మోనిషెస్ ఆర్కెస్టర్’ ఒకటి, రికార్డింగులు చేసి ఆదాయం పంచుకునే ప్రైవేటు భాగస్వామ్యం ‘బెర్లీనర్ ఫిల్హార్మోనికర్’ మరొకటి. కరాయన్ కాలంలో రెండోదాని రాబడి బాగా పెద్దది. కరాయన్ గురిపెట్టింది దాని మీదే. 1983 జనవరిలో నిర్వాహకుడు పేటర్ గిర్ట్ ఆర్కెస్ట్రాను పక్కనపెట్టి ఆమెతో ఏడాది ఒప్పందం చేసుకున్నాడు. ఆర్కెస్ట్రా మాత్రం ఆమెను ఒప్పుకోలేదు. ఆమె వెళ్ళిపోయి ప్రపంచ ప్రఖ్యాత సోలో వాద్యకారిణి అయింది. కరాయన్‌కూ ఆర్కెస్ట్రాకూ మధ్య విరిగిన మనసు మళ్ళీ అతకలేదు. 1989 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, జూలైలో చనిపోయాడు.

నా తీర్పు చెబుతాను. తమ సభ్యుల్ని తామే ఎంచుకునే హక్కు కోసం ఆర్కెస్ట్రా పట్టుబట్టడం సరైనదే. ఆదాయం కోత చూపించి ఓటు మార్పించగలిగితే ఇక ఆ ఓటుకు విలువేముంది? కానీ నాదం కలవదన్న కారణాన్ని మాత్రం నేను పూర్తిగా నమ్మను. వందేళ్ళపాటు ఒక్క స్త్రీనీ తీసుకోని సంస్థ అలా అంటే చెవి ఎంత, అలవాటు ఎంత అని వాళ్ళే విడదీసి చెప్పలేరు. అదే 1982లో మదలెన్ కరూజో అనే వయొలినిస్టు మొదటి మహిళా సభ్యురాలిగా చేరిందన్నది నిజమే, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయితే ఇత్తడి వాద్యాల్లో మొదటి మహిళ, హార్న్ వాయించే సారా విలిస్, 2001లో గానీ రాలేదు. కాన్సర్ట్ మాస్టర్ కుర్చీలో మొదటి మహిళ వీనెటా సరైకా-ఫోల్క్‌నర్ 2023లో. వియన్నాలో స్త్రీలకు సభ్యత్వం ఇవ్వాలన్న నిర్ణయమే 1997లో, బయటి ఒత్తిడితో. తమలాంటివాళ్ళనే ఎంచుకోవడం ఓటు వ్యవస్థకు పుట్టుకతో వచ్చే జబ్బు. అమెరికన్ ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి తెర వెనక ఆడిషన్లు పెట్టింది ఇందుకే. ఎక్కడైనా సరే మొదటి రౌండు తెర వెనకే జరగాలని నా అభిప్రాయం. పక్కవారి కమానును చూసి సర్దుకోగలరా అన్నది తెర తేల్చలేదు, దానికి ప్రొబేషన్ కావాలి. కానీ తలుపు దగ్గర ఎవరిని లోపలికి రానిస్తున్నామన్నది చెవులు మాత్రమే నిర్ణయించాలి.

కండక్టరు ఎన్నిక విషయానికొస్తే, 1989లో అబ్బాడోను, 1999లో రాటిల్‌ను రహస్య ఓటుతోనే ఎన్నుకున్నారు. రాటిల్ సంతకం పెట్టడానికి ముందు షరతులు పెట్టాడు: వాద్యకారుల జీతాలు పెరగాలి, ఆర్కెస్ట్రా నగర శాఖగా కాక స్వతంత్ర ఫౌండేషన్‌గా మారాలి. 2002లో ఫౌండేషన్ వచ్చింది, ఆ రెండు పేర్లూ ఒకటయ్యాయి. పేరు తెచ్చే రికార్డుల కన్నా ఈ షరతే రాటిల్ చేసిన పెద్ద మేలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే 1934లో లేనిదీ, 1983లో బలహీనంగా ఉన్నదీ ఈ ఆర్థిక స్వాతంత్ర్యమే. 2008లో మొదలైన డిజిటల్ కాన్సర్ట్ హాల్, 2014లో వచ్చిన సొంత రికార్డు లేబుల్ దీనికి కొనసాగింపు. డిజిటల్ హాలు ఆలోచనను ముందుండి నడిపింది చెల్లిస్టు ఓలాఫ్ మానింగర్, అంటే ఆర్కెస్ట్రాలో వాయించే మనిషే.

2015 ఎన్నిక ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు. బతికున్న ఏ కండక్టరు పేరైనా సభ్యులు ప్రతిపాదించవచ్చు. పేర్లు పోగేసి, చర్చించి, కొద్దిమందికి కుదించి, రౌండ్ల వారీగా ఓటేస్తారు. మే 11న డాలెం పేటలోని యేసుక్రీస్తు చర్చిలో చేరారు. కరాయన్ 1962 నాటి బీథోవెన్ సింఫనీలన్నీ రికార్డు చేసిన చోటు అదే. పదకొండు గంటలు కూర్చున్నా తేలలేదు. బయట పత్రికలవాళ్ళు ఎవరో గెలిచారని తప్పుడు వార్తలు కూడా రాసేశారు. అవి అబద్ధమని తేలాక, ఇంత పెద్ద ఆర్కెస్ట్రాకు తన నాయకుడిని ఎంచుకోవడం చేతకాలేదని వెక్కిరించారు. నిజానికి ఆ రోజు వాళ్ళు చేసింది ఆడిషన్‌లో చేసేదే. తగినంత ఆధిక్యం రాలేదు, కుర్చీ ఖాళీగా ఉంచారు. ఆరు వారాల తర్వాత జూన్ 21న మళ్ళీ కూర్చుని కిరిల్ పెత్రెంకోను ఎన్నుకున్నారు. అప్పటికి ఆయన ఈ ఆర్కెస్ట్రాతో చేసినవి మూడే మూడు కార్యక్రమాలు. రికార్డులు చాలా తక్కువ, ఇంటర్వ్యూలిచ్చేవాడు కాదు. ఏ రికార్డు కంపెనీ అమ్మకాల విభాగమూ ఎంచుకునే పేరు కాదది. ఆ మూడు కార్యక్రమాల రిహార్సళ్ళలో ఆయనెలా పనిచేశాడో దగ్గరి నుంచి చూసినవాళ్ళకే తెలుసు.

ఓటు వల్ల జాగ్రత్తపరులే పైకొస్తారనీ, సాహసం చచ్చిపోతుందనీ వాదించేవాళ్ళకు పెత్రెంకో ఎన్నికే నా జవాబు. సభ్యులందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారన్న వాదనకు మాత్రం సగమే ఒప్పుకుంటాను. ఇప్పుడున్న 128 స్థానాల్లో పాతిక పైచిలుకు దేశాలవాళ్ళున్నారు. అయినా క్లారినెట్‌లు జర్మన్ పద్ధతివే, డబుల్ బాస్ కమాను అరచేయి పక్కకు తిప్పి పట్టే జర్మన్ పట్టే, ట్రంపెట్లు జర్మన్ రచనలకు తిరిగే కవాటాలవే. మనుషులు ఎక్కడి నుంచైనా రావచ్చు, పనిముట్లూ పద్ధతీ మాత్రం ఈ ఊరివే. 1972లో కరాయన్ పెట్టిన అకాడమీలో చేరిన యువత సీనియర్ల దగ్గర పాఠాలు చెప్పించుకుంటూ ఆర్కెస్ట్రాతో పాటు వాయిస్తారు. ఆ దారిన వచ్చి సభ్యులైనవాళ్ళు చాలామంది. వాళ్ళ విషయంలో ఆడిషన్ నాటికే ఆర్కెస్ట్రాకు సగం సంగతి తెలిసిపోయి ఉంటుంది, అకాడమీకి బయటివాళ్ళు ఈ పోటీలో కొంత వెనకబడే మొదలవుతారు. ఇది సరిదిద్దాల్సిన లోపమే.

వినాలనుకునేవాళ్ళకు ఒక పద్ధతి సూచిస్తాను. బ్రామ్స్ మొదటి సింఫనీ నాలుగో భాగం ఒక్కటే తీసుకోండి. ఫుర్ట్‌వెంగ్లర్ 1952 బెర్లిన్ కచేరీ, కరాయన్ 1960ల రికార్డింగు, అబ్బాడోది, రాటిల్‌ది వరసగా వినండి. వేగాలు వేరు, హాళ్ళు వేరు. హార్న్ ఆల్ప్స్ కొండల రాగం పాడి, ట్రాంబోన్లు మెత్తగా కోరాల్ అందుకుని, ఆ తర్వాత తీగలు పెద్ద రాగాన్ని మొదలుపెట్టే చోట జాగ్రత్తగా వినండి. మొదటి వయొలిన్లు జి తీగ మీద, కింది స్థాయిలో మొదలుపెడతాయి. చిత్రీకరించిన కచేరీ దొరికితే కండక్టరు కర్ర కదలిన క్షణానికీ ఆ మొదటి స్వరానికీ మధ్య ఎడం చూడండి, తర్వాత మూడో స్టాండు దగ్గరివాళ్ళ కళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి.